విన్న వార్తకు ప్రమాణమేది?

(మర్రిగూడలో జరిగిన సత్సంగ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికపై నేను వార్తల గురించి, సెల్‌ఫోనుల గురించి మాట్లాడుతానని తెలిసి కొందరు పెద్దలు చిరునవ్వు నవ్వారు. కాని ద్రోణాచార్యుని చేత అస్త్రసన్యాసం చేయించినది బాణం కాదు, ఒక వార్త. కనుక ఈ విషయం మన పురాణశ్రవణానికి వెలుపలిదేమీ కాదు.

యుద్ధం పదునైదవ రోజున భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపి, అశ్వత్థామ మరణించాడని కేక వేశాడు. ద్రోణుడు వెంటనే నమ్మలేదు. అసత్యం పలుకడని పేరు పొందిన ధర్మరాజును అడిగాడు. వార్త విన్నవాడు చేయవలసిన పనినే ఆయన చేశాడు. ధర్మరాజు పలికిన దానిలో ఏనుగు అన్న మాట మాత్రం ఆయన చెవికి చేరలేదు. శంఖారావంలో కలిసిపోయిందని మన కథకులు చెబుతారు. వాక్యం పూర్తిగా వినబడి ఉంటే కీడు లేదు. తోక తెగిన వాక్యమే ప్రాణం తీసింది.

2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి దేశమంతటా వ్యాపించింది. అప్పుడు చేతులు మారిన వీడియోలలో ఒకదానిలో, మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొంటున్న బాలుని ఎత్తుకుపోతారు. చూచిన తల్లికి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత విషయమై తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన ప్రచార చిత్రం. అందులో చివరకు బాలుని తిరిగి తెచ్చి దింపుతారు, హెచ్చరిక పలక చూపుతారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. మరల అదే ఏనుగు కథ!

అటువంటి వదంతుల నడుమనే, ఆ మే నెలలో, ఒకనాటి మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని బీబీనగర్ మండలంలో, బంధువుల ఇంటికి వచ్చిన ఒక మనిషిని దొంగ అనుకొని కొట్టి చంపారు. కొట్టినవారు తమ పిల్లలను కాపాడుకొంటున్నామనే అనుకొని ఉంటారు. నన్ను ఎక్కువగా కలచివేసేది అదే.

ఆ రోజులలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణిగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికి పోలీసు సిబ్బందిని పంపారు. డప్పు కళాకారుల చేత, పాటగాండ్ర చేత ఈ వదంతుల గుట్టు విప్పించారు. ఆమె పరిధిలో వదంతి కారణంగా ఒక్క ప్రాణం పోలేదు. డప్పును ఎన్నుకోవడం నాకు చాల నచ్చిన సంగతి. చాటింపు వేసేవాడు మన ఎదుట నిలిచి చెబుతాడు. ఎవరు చెప్పమన్నారని అడిగితే జవాబు చెప్పవలసినవాడు. ఫోనులోని గొంతుకు ఊరూ పేరూ ఉండవు. మన న్యాయశాస్త్రం శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరించింది గాని, ఆ మాట ఆప్తునిదై ఉండాలన్నది. విషయాన్ని తాను ఎరిగి, ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడే ఆప్తుడు. మనకు సందేశం పంపిన మేనల్లుడు మంచివాడే కావచ్చు. అతడు చూచాడా అన్నది వేరే ప్రశ్న.

దేవుని పేరిట వచ్చే సందేశాలకూ ఇదే వర్తిస్తుంది. మా చిన్నతనంలో పోస్టుకార్డులు వచ్చేవి. పదిమందికి వ్రాసి పంపితే ధనలాభం, పంపకుంటే కష్టం అని వాటి సారాంశం. మా అమ్మ వాటితో పొయ్యి రాజేసేది. మాకు ఏ కష్టమూ రాలేదు. స్వామి భక్తులను బెదిరించి ప్రచారం చేయించుకోడు.

అట్లని పత్రికలన్నీ అబద్ధాలే అనడం కూడా బద్ధకమే. మన మర్రిగూడ ప్రాంతంలో వంగిన నడుములను, వంకరపోయిన కాళ్లను లోకానికి చూపినవి వార్తలే కదా. అయితే నిజమైన వార్తను కూడా చివరి వరకు చదువవలసి ఉంటుంది. 2015లో తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య 2020 ఆగస్టు నాటికి సున్నా అయిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఫ్లోరైడ్ పోయింది అన్న రెండు మాటలుగా అది ఫోనులలో తిరిగితే ఏమవుతుంది? అక్కడ లెక్కించినది తాగునీరు అందుతున్న ఆవాసాలను. నేలలోని నీటిని కాదు, మనుషుల ఎముకలను కాదు. మిషన్ భగీరథ నీరు ఇంటికి వచ్చింది, అది గొప్ప మేలు. కాని మన నల్లరాతి పొరలలోని ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

నల్లా రెండు రోజులు రాకపోతే, పోయిందన్నారు కదా అని బోరు నీరు పట్టి పసివాని పాలలో కలిపే ఇల్లాలికి ఆ రెండు మాటలు ఏమి చేస్తాయో ఊహించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ తాగదగినది కాదని మన దేశపు ప్రమాణం. మీ బోరులో ఎంత ఉన్నదో వార్త చెప్పదు, నీటి పరీక్ష చెబుతుంది. సీసాలో నీరు పట్టుకొని వెళ్లి గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ప్రయోగశాలలో అడగండి. వారిచ్చే కాగితంపై ఏ బోరు, ఏ తేదీ అన్నవి ఉన్నాయో లేదో చూచి మరీ ఇంటికి తెచ్చుకోండి.