సూపర్‌హీరోకు జీతం సర్టిఫికెట్
(శాఖాధిపతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీమా గురించి మాట్లాడమన్నారు. ముందు ఒక కథ చెబుతాను. 2021లో వచ్చిన 'ద ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్' సిరీస్‌ను మా అబ్బాయితో కలిసి చూశాను. అందులో శామ్ విల్సన్ రెక్కలతో ఎగిరే సూపర్‌హీరో. అమెరికా ప్రభుత్వానికి కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. కుటుంబానికున్న పడవను నిలబెట్టుకోవడానికి తోబుట్టువుతో కలిసి బ్యాంకుకు వెళ్తాడు. అక్కడి అధికారి అతణ్ణి గుర్తుపట్టి మురిసిపోతాడు. ఆదాయం చూపలేదని అప్పు మాత్రం ఇవ్వడు. మావాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ అధికారి కుర్చీలో నేనూ కూర్చున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక ఆశా కార్యకర్త కుట్టుమిషన్ అప్పు కోసం నా దగ్గరికి వచ్చారు. కరోనా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగిన మనిషి. "మీలాంటివాళ్లే అసలు హీరోలమ్మా" అన్నాను. వెంటనే జీతం సర్టిఫికెట్ అడిగాను. "మాది జీతం కాదు సార్, పారితోషికం" అన్నారావిడ. పంపేశాను. ఆ పారితోషికం నెలనెలా జమయ్యేది మా శాఖలోనే. స్టేట్‌మెంట్ తీసి చూడాలని నాకు తోచలేదు. తోచి ఫోన్ చేసేసరికి ఆవిడ బయట ఎక్కువ వడ్డీకి తెచ్చుకున్నారు.

2020 మార్చిలో ప్రభుత్వం కోవిడ్ విధుల్లో ఉన్న ఆరోగ్య కార్యకర్తలకు 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. ఆశాలు, కాంట్రాక్టు సిబ్బంది కూడా అందులో ఉన్నారు. మామూలు ప్రమాద బీమా జబ్బుతో పోతే వర్తించదు. ఇది కోవిడ్ మరణానికీ వర్తించింది. అయితే అది ఆపత్కాలపు పథకం.

మామూలు రోజులకు మన కౌంటర్‌లో ఉన్నవి రెండు: జీవన్ జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, సురక్షకు 20. ఒక్కోదాని కింద 2 లక్షల రక్షణ. ఆశాల ప్రీమియం ప్రభుత్వమే భరిస్తుందని 2018లో ప్రకటించారు. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల్లాంటి వారికి సాధారణంగా సొంత ఖాతా నుంచే డెబిట్ అవుతుంది. మే నెలాఖరున ఆ 456 రూపాయలు లేకపోతే జూన్ 1 నుంచి రక్షణ ఉండదు. తర్వాత మళ్లీ చేరినా, జీవన్ జ్యోతిలో మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప క్లెయిమ్ రాదు.

కాబట్టి నా మనవి ఇంతే. మే 25లోగా ఇలాంటి ఖాతాల జాబితా తీయండి. నిల్వ తక్కువున్న వారికి ఫోన్ చేయండి. నామినీ గడి ఖాళీగా ఉంటే పిలిచి నింపించండి. అప్పు కోసం వస్తే, సర్టిఫికెట్ అడిగే ముందు స్టేట్‌మెంట్ చూడండి.