గాలిని తూచే తక్కెడ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సైన్సు చదివినవాణ్ణి కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇన్‌వర్డు సెక్షనులో టపా కవర్లు చింపి, ముద్ర కొట్టి, రిజిస్టరుకు ఎక్కించేవాణ్ణి. అందుకే ఈ సంగతి నన్ను పట్టుకుంది.

2001 అక్టోబరు 15న అమెరికాలో సెనేటర్ టామ్ డాషెల్ కార్యాలయంలో ఒక కవరు విప్పితే పొడి రాలింది. అది ఆంత్రాక్స్, అంటే మన పల్లెల్లో పశువులకు వచ్చే దొమ్మరోగం తాలూకు సూక్ష్మబీజాలు. ఆఫీసులోనివారికి వెంటనే మందులిచ్చారు. ఆ ఉత్తరం దాటివచ్చిన వాషింగ్టన్ బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రాన్ని మాత్రం 21వ తేదీ దాకా మూయలేదు. అతికించిన కవరులోంచి పొడి రాదనుకున్నారు. సార్టింగు యంత్రాలు కవర్లను నొక్కితే అది గాలిలోకి లేచింది. అక్కడి ఉద్యోగులు జోసెఫ్ కర్సీన్, థామస్ మోరిస్ చనిపోయారు. ఈ ఉత్తరాలవల్ల మొత్తం 5 మంది పోయారు, 17 మంది జబ్బుపడ్డారు. కవరు విప్పినవారు ముందు గుర్తొచ్చారు గాని, మోసినవారు ఆలస్యంగా గుర్తొచ్చారు. మనలో టపా చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు!

గాలి నమూనాను ప్రయోగశాలలో పెంచి చూడాలంటే ఒక రోజైనా పడుతుంది. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలవారు మాస్ స్పెక్ట్రోమీటరుతో ఈ పనిని క్షణాల్లోకి తెచ్చే యంత్రం చేశారు. అది గాలి పీల్చుకుని, రేణువులను ఒక్కొక్కటిగా వరుసలో పంపుతుంది. రేణువు లేసరు కిరణాలను దాటేటప్పటి మెరుపులనుబట్టి వేగం లెక్కకట్టి, సరిగ్గా అది ఎదుటికి వచ్చే క్షణానికి అతినీలలోహిత లేసరుతో పేలుస్తుంది. విద్యుదావేశం పొందిన ముక్కలు గొట్టంలో పరుగెడతాయి. ఆవేశం సమానమైతే తేలికవి ముందు చేరతాయి, బరువువి వెనక. చేరిన వేళనుబట్టి బరువు తెలుస్తుంది. ఆ బరువుల వరుసను దాచిన నమూనాలతో పోలుస్తారు. ట్రెజరీలో మనం సంతకాన్ని స్పెసిమన్‌తో సరిచూడలేదూ, అదే పని. ఈ జాతి బీజాల్లో కాల్షియంతో కలిసి డైపికోలినిక్ ఆమ్లం ఉంటుంది; మామూలు దుమ్ములో, పుప్పొడిలో అది కనిపించదు.

చిక్కు లేకపోలేదు. రైతులు పురుగులపై చల్లే బాసిల్లస్ తురింజెన్సిస్ ఆంత్రాక్స్‌కు దగ్గరి చుట్టం. ఆ రెంటినీ విడదీయడం కష్టం. అబద్ధపు గంట రెండుసార్లు మోగితే మూడోసారి ఎవరు లేస్తారు? అమెరికా తపాలావారు తరువాత పెట్టుకున్నవి వేరే యంత్రాలు. అవి జన్యువును పట్టి చూస్తాయి.

బ్రెంట్‌వుడ్ కేంద్రాన్ని శుద్ధిచేసి 2003 డిసెంబరులో తిరిగి తెరిచారు. దానికి ఆ ఇద్దరు ఉద్యోగుల పేర్లే పెట్టారు.