విదేశీ విద్యకు ప్రభుత్వ సహాయము - మన బాధ్యత

(శతవార్షికోత్సవ యువజన కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో మన పెద్దలు కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను తలంచుకొని దేవుని స్తుతించుచున్నాము. చాల పల్లెలలో మన తాతలకు మొదటి అక్షరము దిద్దించినది సంఘపు బడియే. వారి మనుమలు, మనుమరాండ్రు నేడు డిగ్రీలు ముగించి పైచదువులకు విదేశములు వెళ్లగోరుచున్నారు. తెలివి ఉన్నది, డబ్బు లేదు. ఉన్న అరెకరము తాకట్టు పెట్టుటకు ముందు, ప్రభుత్వము ఏమి ఇచ్చునో విచారించుట మంచిది. లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టగోరిన వానిని గూర్చి ప్రభువు బోధించినది ఈ లెక్కను గూర్చియే గదా!

ఇది క్రొత్త సంగతి కాదు. 1913లో డాక్టర్ అంబేద్కర్ గారు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లినది బరోడా సంస్థానము ఇచ్చిన ఉపకారవేతనముతోనే. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడు సంవత్సరములు. ఒక్కని చదువుకు పెట్టిన ఆ సొమ్ము ఎందరికి మేలు చేసినదో మీకు తెలియును.

కొన్ని సంవత్సరముల క్రితము ఒక సాయంకాలము మన సంఘములోని ఒక కూలి సహోదరుడు మా యింటికి వచ్చెను. చేతిలో కుమారుని కొరకు తెచ్చిన జాతీయ విదేశీ ఉపకారవేతనపు కాగితములు. "అయ్యగారూ, మావాడి బాప్తిస్మము సంగతి ఎవరైనా అడిగితే రిజిస్టరు చూపించకండి" అని తల వంచుకొని అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

ఆయన భయమునకు కారణమున్నది. 1954-55లో ఆరంభమైన ఆ పథకములో ఇటీవలి సంవత్సరములలో ఏటా 125 మందికి అవకాశము. అందులో 115 షెడ్యూల్డు కులముల వారికి. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే ఆ జాబితాలో చేర్చినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ వాకిలి తెరచిరి. దళిత క్రైస్తవులకు తెరువలేదు. ఊరిలోని అంటరానితనము మాత్రము బాప్తిస్మము చూచి వదలిపెట్టదు. ఇది అన్యాయమని మన సంఘములు ఏండ్ల తరబడి మొఱపెట్టుచున్నవి.

అయినను అన్యాయమునకు అబద్ధము మందు కాదు. క్రైస్తవ విశ్వాసములో ఉండి, రిజర్వేషను కొరకు మాత్రమే హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటయేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అబద్ధము మీద కట్టిన చదువు ఎప్పుడు కూలునోయని బిడ్డ జీవితమంతా భయపడవలసి వచ్చును. అందుచేత మేము, "అన్నా, రిజిస్టరు దాచలేము. నిన్ను తప్పుపట్టము. వేరే త్రోవ వెదకుదము" అంటిమి.

వెదకగా త్రోవలు కనబడినవి. క్రైస్తవులమైన మనము మైనారిటీలము. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 2015లో ఆరంభించిన ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకము క్రింద 20 లక్షల రూపాయల వరకు సహాయము కలదు. కుటుంబ ఆదాయము ఏటా 5 లక్షలు మించరాదు. క్రైస్తవులైన దళితులకు రెండు తెలుగు రాష్ట్రములలోను బి.సి. 'సి' ధ్రువపత్రము ఇచ్చెదరు. వెనుకబడిన తరగతులకు తెలంగాణలో మహాత్మా జ్యోతిబా ఫూలే పేర వేరొక విద్యానిధి ఉన్నది. ఇతర దేశముల ప్రభుత్వములు కూడ సహాయము చేయుచున్నవి: బ్రిటనువారి చీవెనింగ్, అమెరికాతో కలిసి మన దేశము నడుపు ఫుల్‌బ్రైట్-నెహ్రూ, జర్మనీవారి డాడ్. చీవెనింగుకు 2,800 గంటల ఉద్యోగానుభవము కావలెను. చదువు ముగిసిన పిమ్మట స్వదేశమునకు తిరిగి వచ్చి రెండేండ్లు ఉండవలెను. పాత కరపత్రములను నమ్మకుడి. మైనారిటీలకు కేంద్రము ఇచ్చిన 'పఢో పరదేశ్' వడ్డీ రాయితీ 2022-23 నుండి నిలిచిపోయినది. నియమములు మారుచుండును గనుక ప్రతి యేడు ప్రకటన చూచి తెలిసికొనవలెను.

ఇక మా తప్పు ఒప్పుకొందుము. ఆ అబ్బాయికి మొదటి సంవత్సరము వ్యర్థమాయెను. పథకపు ప్రకటన మా బల్లమీద రెండు వారములు పడియున్నను మేము చదువలేదు. మరియు పదవ తరగతి పత్రములో ఒక పేరు, పాస్‌పోర్టులో బాప్తిస్మపు పేరు ఉండెను. ఆ రెండును సరిచేయించు లోపల గడువు దాటిపోయెను.

కాబట్టి తల్లిదండ్రులారా, బాప్తిస్మమునకు ఏ పేరు పెట్టుదురో బడిలోను అదే వ్రాయించుడి. యువకులారా, చివరి సంవత్సరములోనే పాస్‌పోర్టు, ఆదాయ ధ్రువపత్రము, ఇంగ్లీషు పరీక్ష సిద్ధపరచుకొనుడి. ముందు విశ్వవిద్యాలయములో ప్రవేశము సంపాదించుడి. ఏజెంటు చేతికి డబ్బు పోయవద్దు. ప్రతి పాస్టరేటులోను చదువుకొన్న ఒకరు ఈ ప్రకటనలు చూచి ఆరాధన తరువాత చదివి వినిపించవలెనని మా మనవి. నూరేండ్ల క్రితము బడి పెట్టినవారి పనికి ఇది కొనసాగింపు.

మరుసటి యేడు ఆ అబ్బాయికి సహాయము మంజూరైనది. ప్రయాణమునకు ముందటి ఆదివారము ప్రార్థన చేయించుకొనుటకు తండ్రి కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. ప్రార్థన ముగిసిన తరువాత ఆయన, "అయ్యగారూ, రిజిస్టరులో మావాడి పేరు ఒకసారి చూపించండి" అనెను. చూపితిమి. చదువురాని ఆ తండ్రి ఆ వరుస మీద వ్రేలుంచి చాలసేపు నిలుచుండెను.

దేవుడు మన బిడ్డలను, వారి చదువులను దీవించును గాక. ఆమేన్.