చొక్కా మీది మాట

మన పట్టణాలలో ఏ కూడలిలో కాసేపు నిలుచున్నా ఒక వింత కనబడుతుంది. కాలేజీ కుర్రవాళ్ల రొమ్ముల మీద ఇంగ్లీషు అక్షరాలు నడచిపోతూ ఉంటవి. ఏదో ఊరి పేరు, ఏదో ఆటల జట్టు పేరు, ఒక్కొక్కప్పుడు పెద్దల ఎదుట పైకి చదవరాని మాట. ‘దీని అర్థమేమి నాయనా?’ అని అడిగితే నవ్వి ఊరుకునేవారే ఎక్కువ. అంగడిలో దొరికినది, ఒంటికి సరిపోయినది, తొడుక్కున్నారు. ఆ మాటకూ ఆ మనిషికీ సంబంధం లేదు.

అయితే మాటకూ మనిషికీ గట్టి సంబంధమున్న చొక్కాలు కూడా ఉన్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వలస వచ్చినవారి హక్కుల కోసం జరిగిన ఉద్యమాలలో అటువంటివి విరివిగా కనబడినవి. ‘మానవుడెవడూ చట్టవిరుద్ధుడు కాడు’ అనే అర్థం వచ్చే వాక్యం వాటి మీద తరచుగా ముద్రిస్తారు. ఒంటి మీది మాట ఎప్పుడు అలంకారమవుతుంది, ఎప్పుడు సాహసమవుతుంది అన్న విషయాన్ని ఈ పూట శ్రోతలతో కలిసి ఆలోచించదలచినాము.

టీ షర్టు పుట్టుక గొప్పదేమీ కాదు. అది మొదట లోపల తొడుక్కునే బనియను. అమెరికా నౌకాదళం వారు తమ నావికులకు ఇచ్చిన లోదుస్తు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగి వచ్చిన తరువాత అది క్రమంగా పై దుస్తు అయినది. 1948 అధ్యక్ష ఎన్నికల నాటికే థామస్ డ్యూయీ అనే అభ్యర్థి పక్షాన అక్షరాలు ముద్రించిన చొక్కాలు బయలుదేరినవి. ముద్రించడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. సన్నని వల బిగించిన చట్రమొకటి, అక్షరాలు కత్తిరించిన మూస ఒకటి, వల గుండా రంగును అదిమే రబ్బరు పలక ఒకటి ఉంటే చాలును. మన ఊళ్లలో శుభలేఖలూ గుడ్డ సంచులూ అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతియే అది. పత్రికలో వ్రాయడానికి సంపాదకుని అనుమతి కావలెను. రేడియోలో మాట్లాడడానికి మావంటివారి అనుమతి కావలెను. సొంత ఒంటికి ఒకరి అనుమతితో పని లేదు.

ధరించినది కూడా మాటయే అని అమెరికా సుప్రీం కోర్టు అంగీకరించినది. 1965 లో డి మాయిన్ నగరంలో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతులకు నల్ల పట్టీలు కట్టుకొని బడికి వెళ్లారు. బడివారు వారిని ఇంటికి పంపివేశారు. 1969 లో కోర్టు ఆ విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పినది. కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆ తీర్పు మాటకు రక్షణ ఇస్తుంది. పత్రాలు లేని మనిషికి ఆ దేశంలో నివసించే హక్కును ఇవ్వదు. చొక్కా నిర్భయంగా ఉండవచ్చును. చొక్కాలోని మనిషి ఉండలేడు.

2005 డిసెంబరు 16న అమెరికా ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించినది. పత్రాలు లేకుండా దేశంలో ఉండడమే శిక్షార్హమైన నేరమని ఆ బిల్లు చెప్పినది. దానిని వ్యతిరేకిస్తూ 2006 మార్చి 25న లాస్ ఏంజెలెస్ నగరం నడిబొడ్డున సుమారు 5 లక్షల మంది నడిచారు. మే 1న అనేక నగరాలలో పనులు మాని మళ్లీ నడిచారు. హోటళ్లలో అంట్లు తోమేవారు, తోటలలో పండ్లు కోసేవారు, ఇళ్లు కట్టేవారు, పసిపిల్లలను సాకే ఆయాలు వారిలో ఉన్నారు. శాంతికి గుర్తుగా తెల్లని చొక్కాలు ధరించి రండని నిర్వాహకులు కోరినందున, ఆనాటి ఛాయాచిత్రాలలో వీధి వీధంతా తెల్లగా కనబడుతుంది. తెల్ల చొక్కాలో ఒక సదుపాయమున్నది. గుంపులో ఎవరికి పత్రాలున్నవో, ఎవరికి లేవో అది చెప్పదు. ఉన్నవాడు లేనివానిని తన తెలుపులో దాచుకొని నడిచాడు. ఆ బిల్లు చట్టం కాలేదు.

అదే లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ అపారెల్ అనే కంపెనీ ఉండేది. ఇతరులు కుట్టుపనిని దూరదేశాలకు తరలిస్తున్న రోజులలో అది తన చొక్కాలను ఆ నగరంలోనే, ఎక్కువగా వలస కార్మికుల చేత, కుట్టించినది. నగరాన్ని చట్టబద్ధం చేయండి అనే అర్థం వచ్చే నినాదాన్ని చొక్కాల మీద ముద్రించి అమ్మినది. ఫ్యాక్టరీ భవనానికి కూడా ఆ మాటను పెద్ద అక్షరాలతో వేలాడదీసినది. 2009 లో ప్రభుత్వాధికారులు ఆ ఫ్యాక్టరీ పనివారి పత్రాలను తనిఖీ చేశారు. సుమారు 1,800 మంది పత్రాలు సరిగా లేవని తేలినది. కంపెనీ వారిని పనిలోనుండి తొలగించవలసి వచ్చినది. వారి హక్కులను కోరే మాట చొక్కా మీద ఉన్నది; ఆ చొక్కా కుట్టిన చేతులు మాత్రం బయటికి పోయినవి. తరువాత కంపెనీయే దివాలా తీసినది. 2017 లో దాని పేరును కెనడా దేశపు సంస్థ ఒకటి కొనుక్కున్నది. లాస్ ఏంజెలెస్ ఫ్యాక్టరీ మూతబడినది. ఆ నగరపు దుస్తుల వాడలో భయం మాత్రం మూతబడలేదు. 2025 జూన్ 6న అధికారులు అక్కడి ఒక దుస్తుల సంస్థలో సోదా చేసి పనివారిని పట్టుకొనిపోయారు.

కంపెనీ వారి ఉద్దేశం మంచిది కాదని మేము అనము. అమ్మకానికి పెట్టిన మాటకు ఎంత బలముంటుందో మాత్రం ఈ కథ వలన తెలుస్తున్నది. కొన్నవాడు పైకమిచ్చాడు, తొడుక్కున్నాడు, ఇంటికి పోయాడు. తనిఖీ నాడు అతనికి పోయినదేమీ లేదు.

ఇక రెండవ రకం చొక్కా. చిన్నతనంలో తల్లిదండ్రుల వెంట వచ్చి, అమెరికా బడులలో చదివి, పెద్దవారైన తరువాత తమకు పత్రాలు లేవని తెలుసుకొన్న యువకులు అక్కడ లక్షల సంఖ్యలో ఉన్నారు. 2010 మార్చి 10న షికాగో నగరంలో అటువంటివారు కొందరు నలుగురి ఎదుట నిలబడి, తమకు పత్రాలు లేవని తామే ప్రకటించారు. ‘పత్రాలు లేవు, భయమూ లేదు’ అన్నది వారి నినాదం. ఆ మాటలనే చొక్కాల మీద ముద్రించుకొని ఊరేగింపులలో నడిచారు. ఇంతవరకు ఇరుగుపొరుగుకు కూడా తెలియనీయక దాచిన రహస్యాన్ని రొమ్ము మీద వ్రాసుకొన్నారు. ఇటువంటివారికి దారి చూపే బిల్లు 2001 నుండియే చట్టసభల ముందున్నది. 2010 డిసెంబరు 18న సెనేటులో 55 మంది అనుకూలంగా ఓటు వేసినా, కావలసిన 60 దొరకక అది నిలిచిపోయినది. 2012 జూన్ 15న అధ్యక్షుడు ఒబామా ప్రభుత్వం వారిని కొంతకాలం పంపివేయకుండా, పనిచేసుకోనిచ్చే ఏర్పాటు ప్రకటించినది. రెండేళ్లకొకసారి కొత్తది చేసుకోవలసిన ఏర్పాటది; పౌరసత్వం కాదు. చొక్కాల వలననే అది వచ్చినదని మేము చెప్పము. కాని దాగి ఉన్నవాని కోసం చట్టం చేయుమని అడగడం కష్టం. వారు ముందు కనబడినారు.

ఈ మర్మం మన పెద్దలు ఎరుగనిది కాదు. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు కూలికి పోయినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం ముగిసిన తరువాత కూడా అక్కడ ఉండదలచిన వారి మీద ఏటా 3 పౌన్ల పన్ను వేశారు. 1913 లో వేలాది కూలీలు సమ్మె చేశారు. కొందరు తుపాకి గుండ్లకు బలి అయినారు. ఆ డిసెంబరులో చెరనుండి విడుదలైన గాంధీజీ డర్బను సభకు కూలివాని దుస్తులతో, వట్టి కాళ్లతో వచ్చారు. అంతకుముందు దొరల దుస్తులు ధరించిన బారిస్టరు ఆయన. ఆ దుస్తు మీద ఒక్క అక్షరమూ లేదు. ‘నేనూ వీరిలోనివాడనే’ అన్న సంగతి చదువురాని కూలికి కూడా అర్థమైనది. 1914 లో ఆ పన్ను రద్దయినది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. నేడు మన ప్రాంతాలలో అమెరికాలో బంధువులు లేని ఊరు అరుదు. 1965 నాటి వలస చట్టం పాత జాతీయ కోటాలను తొలగించినందువలననే మనవారికి ఆ తలుపు తెరుచుకున్నది. నల్లజాతివారు పౌరహక్కుల కోసం వీధులలో నడిచిన కాలంలో వచ్చిన చట్టమది. ఆ నడకకు మనమూ కొంత బాకీ ఉన్నాము. ఉద్యోగాల మీద వెళ్లిన మన పిల్లలలో అనేకులు శాశ్వత నివాసపు అనుమతి కోసం ఏళ్ల తరబడి వేచి ఉన్నారు. ఏ ఒక్క దేశం వారికీ నూటికి 7 పాళ్లకు మించి ఇవ్వరాదన్న నియమం ఉండుటచేత మనవారి వరుస కదలదు. ఆ లోపల బిడ్డకు 21 ఏళ్లు నిండితే, తల్లిదండ్రుల చేయి పట్టుకొని ఉన్న ఆ బిడ్డ వరుసనుండి జారిపోయే ప్రమాదమున్నది.

కావున ఇక్కడి తల్లి ఫోనులో ‘ఊరేగింపుల జోలికి పోకు నాయనా, నీ కాగితాలు తేలనీ’ అని చెప్పడం మేము విన్నాము. ఆ మాటను పిరికితనమని మేము అనజాలము. ఆమెకు తెలిసిన లెక్క ఆమెది. అయితే కాగితాలు తేలిన నాడు ఆ తల్లి ఏమని చెబుతుంది? అడగవలసిన ప్రశ్న అదియే. అంతవరకు భయపడినవాడు, భయం తీరిన తరువాత ఇంకా భయంలో ఉన్నవానిని మరచిపోవడం లోకంలో సులభం. పౌరసత్వం చేతికి వచ్చినవానికి ఆ అక్షరాల చొక్కా కొన్ని డాలర్ల ఖర్చు మాత్రమే. పక్కింటిలో పత్రాలు లేక తలుపు చాటున నిలుచున్నవానికి అది బతుకంత ఖరీదు. తక్కువ ఖర్చుతో ధరించగలవాడు ఎక్కువ ఖర్చు పెట్టవలసినవాని తరఫున ధరించితే, ఆనాటి తెల్ల చొక్కాల వీధివలె, ఎవరు ఎవరో అధికారికి తెలియకుండా పోతుంది.

ఆ చొక్కాను ఎవరు కుట్టారో కూడా ఒక్కసారి విచారించి మరీ తొడుక్కోవలెను.