నీళ్లలో మునిగిన ఇంజిన్

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్లు, ఇంజనీర్లు మాట్లాడాక ఒక మెకానిక్కుకు మైకు ఇచ్చారు. "మీ పని గురించే పది నిమిషాలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. నా పనిలో సగం కాలం పడవ ఇంజిన్లతోనే గడిచింది. పత్తీ మిరపా పండే సత్తెనపల్లివాడికి పడవలేమిటని నవ్వకండి. ఐటీఐ అయ్యాక గుంటూరులో కార్ల షెడ్డులో చేరాను. అక్కడి నుంచి గల్ఫుకు పోయి, పడవలు బాగుచేసే షెడ్డులో పద్నాలుగేళ్లు పనిచేశాను.

మన సూర్యలంక, నిజాంపట్నం వైపు వేట పడవలకు ఎక్కువగా డీజిల్ ఇంజిన్లే. అక్కడి షికారు పడవల్లో మాత్రం పెట్రోల్ ఇంజిన్లు బాగా కనిపించేవి. లోపల బిగించే ఆ ఇంజిన్లలో చాలావాటికి పుట్టిల్లు కార్ల కంపెనీయే. మెర్‌క్రూజర్, వోల్వో పెంటా పేర్లతో అమ్మిన 3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఉన్నది జనరల్ మోటార్స్ బ్లాకు. 5.7 లీటర్ల వి-8 కూడా షెవర్లే కార్లలో, ట్రక్కుల్లో తిరిగినదే. అందుకే కార్ల షెడ్డులో నేర్చిన పని నాకు అక్కడ అన్నం పెట్టింది.

పడవ మునిగితే ఇంజిన్ పని అయిపోయిందని యజమాని దిగులుపడతాడు. మునిగినందుకు పోయిన ఇంజిన్ల కంటే, పైకి తీశాక తొందరవల్లా ఆలస్యంవల్లా పోయినవే నేను ఎక్కువ చూశాను.

తొందర అంటే, ఆడుతుందో లేదో చూద్దామని స్టార్టర్ నొక్కడం. సిలిండర్‌లో గాలి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కగలదు. నీళ్లుంటే నొక్కలేదు, నీళ్లకు పోయే దారీ లేదు. వంగేది కనెక్టింగ్ రాడ్డే. ద్రవాలను నొక్కి కుదించలేమని ఈ బడిలో చెప్పిన పాఠమే అది. దాని ఖరీదు ఎంతో అక్కడ బిల్లుల్లో చూశాను.

ఇక ఆలస్యం. మూడు పరీక్షనాళికల్లో ఇనుప మేకులు వేసిన ప్రయోగం గుర్తుందా? ఒకదాంట్లో నీళ్లు, గాలి. రెండోదాంట్లో కాచి చల్లార్చిన నీళ్లు, పైన నూనె. మూడోదాంట్లో పొడి గాలి. తుప్పు పట్టేది మొదటి నాళికలోని మేకుకే. నీళ్లలోంచి బయటికి తీసిన ఇంజిన్ ఆ మొదటి నాళికే. ఉప్పునీరైతే గంటల్లోనే తుప్పు మొదలవుతుంది. అందుకని వెంటనే విప్పే వీలు లేకపోతే దాన్ని ఎండబెట్టం. మంచినీళ్ల తొట్టిలో మళ్లీ ముంచి ఉంచుతాం. చూసేవాళ్లకు పిచ్చిపనిలా ఉంటుంది. గాలి తగలకుండా కాపాడటమే దాని కిటుకు.

పని మొదలుపెడితే ముందు బ్యాటరీ తీగలు తీసేస్తాం. మంచినీళ్లతో ఉప్పు కడుగుతాం. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, క్రాంకు పుల్లీకి రెంచి పెట్టి చేత్తో తిప్పుతాం. ప్లగ్గు రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి. కింద ఆయిలు వదిలితే మజ్జిగలా తెల్లగా దిగుతుంది. సిలిండర్లలో నూనె పోసి మళ్లీ తిప్పుతాం. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి కాసేపు ఆడించి, అదీ పారబోస్తాం. తెలుపు పూర్తిగా పోయేదాకా రెండుమూడు సార్లైనా మార్చాల్సిందే.

ఆలస్యంగా వచ్చిన ఇంజిన్‌కు పూర్తిగా విప్పడం తప్పదు. సిలిండర్ గోడ మీద తుప్పు గుంటలు పడి ఉంటే బోరింగు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తాం. క్రాంకు గీతలు పడితే 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగు చేయించి, దానికి తగ్గ బేరింగులు పెడతాం. కారు భాగాలు ఆదుకునేది ఇక్కడే. బ్లాకు మీద పోతపోసిన నంబరు చూసి, కొలతలు కలిస్తే పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, ఆయిలు పంపు చాలావరకు కారు సామాను దుకాణంలోనే దొరుకుతాయి. పడవ కంపెనీ డబ్బాలో కంటే చాలా చవక.

ఆ చవక రుచి మరిగాక, కంటికి ఒకేలా కనిపించేదల్లా బిగించాలనిపిస్తుంది. బ్లాకు పక్కన నీటి దారులకు కొట్టే గుండ్రటి బిళ్లలు కారులో ఉక్కువి. ఈ పడవల్లో చాలావాటికి బ్లాకులో తిరిగేది సముద్రపు నీరే కాబట్టి ఇత్తడివి వేయాలి. హెడ్ గ్యాస్కెట్ కూడా ఉప్పుకు తట్టుకునేదే ఉండాలి. ఇవి తప్పితే ఇంజిన్ పోతుంది. స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు, కార్బ్యురేటరు, పెట్రోలు పంపు తప్పితే మనుషులు పోతారు.

ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారులో కారితే ఆవిరి కిందినుంచి బయటికి పోతుంది. పడవ అడుగు కుండలాంటిది, అందులో చేరి కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పడవ కార్బ్యురేటర్‌లో పెట్రోలు పొంగితే బయటికి కారకుండా లోపలికే పోయేలా చేస్తారు. గాలి పీల్చేచోట మంట బయటికి రాకుండా లోహపు జాలీ పెడతారు. నాలుగు నిమిషాలు బ్లోయరు తిప్పాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలని అమెరికా పడవల మీద రాసి ఉంటుంది.

మా షెడ్డులో ఒక మలయాళీ పెద్ద మేస్త్రి ఉండేవారు. ఒకరోజు ఒక యజమాని కారు స్టార్టరు పట్టుకొచ్చి, "బోల్టులు సరిపోతున్నాయి, ఇదే వేయండి" అని పట్టుబట్టాడు. మేస్త్రి వాదించలేదు. పొద్దుగూకేదాకా ఆగమని, షెడ్డులో లైట్లు ఆర్పించి, పెట్రోలుకు దూరంగా బల్ల మీద రెండు స్టార్టర్లనూ బ్యాటరీకి తగిలించి తిప్పారు. కారుదాని వెనకమూత సందుల్లోంచి నీలం రవ్వలు కనిపించాయి. పడవదాంట్లో చీకటే. అక్కడా రవ్వలు పుడతాయి, బయటికి రానివ్వకుండా మూసి చేస్తారంతే. యజమాని మాట్లాడకుండా తన స్టార్టరు సంచిలో పెట్టుకున్నాడు. ఆ వారమే పడవను ఇంకో షెడ్డుకు తీసుకుపోయాడు. మేస్త్రి మాత్రం, "బేరం పోతే ఇంకోటి వస్తుంది" అని పనిలో పడ్డారు. ఏ భాగం కలుస్తుందో చెప్పడానికి కొలత చాలు, ఏది కలపకూడదో తెలియడానికి చదువు కావాలని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇదంతా సముద్రం దగ్గరివాళ్లకే అనుకోకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేశాయి. ఆ వరదలోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బైకులు, ఆటోలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక మా బంధువుల వీధికి పోతే, అందరి కాళ్లూ కిక్కు రాడ్డు మీదే ఉన్నాయి. "ఆగండి, ముందు ప్లగ్గు విప్పండి" అని ఇంటింటికీ చెప్పడమే నా మొదటి పని అయింది. ఆటో ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. కొత్త కార్లలో కంప్యూటరు పెట్టె తడిస్తే నా రెంచి చాలదు గానీ, ఆటోకీ, బైకుకీ, పొలంలో ఆయిలింజనుకీ ఈ వైద్యం పనికొస్తుంది.

చివరగా ఒక మాట. మన బడి సైన్సు గదికి ఒక పాత నాలుగు సిలిండర్ల కారు ఇంజిన్‌ను నిలువుగా కోయించి, చేత్తో తిప్పితే పిస్టన్లు ఆడేలా స్టాండు మీద బిగించి ఇస్తాను. పక్కనే కారు స్టార్టరు, పడవ స్టార్టరు రెండూ విప్పి పెడతాను. పిల్లలు చేతులకు గ్రీజు అంటించుకుని చూడాలి, అలా చూడనివ్వమని మాస్టార్లకు నా మనవి. సామాను, లేతు షాపు ఖర్చు నాది. మోసుకురావడానికి మాత్రం మా బ్యాచివాళ్లు నలుగురు కావాలి. ఎవరొస్తారో భోజనాల దగ్గర నాకు పేరు చెప్పండి.

సెలవు.