వేవిళ్ళు వేషాలు కాదు

(మహిళా కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఈ రోజు బోనస్ గురించి కాదు, వేవిళ్ళ గురించి మాట్లాడతాను. "ఇది ఆడవాళ్ళ సంగతి, యూనియన్‌కెందుకు?" అని కొందరు నవ్వుకోవచ్చు. కడుపుతో ఉన్న చెల్లెలు షిఫ్టు పొడుగునా నిలబడి పనిచేస్తున్నప్పుడు అది యూనియన్ సంగతే.

పులుపు మీద మనసు పోవడం మన అందరి ఇళ్ళలో చూసిందే. ఇక్కడ షోలాపూర్‌లో మన పొరుగు మరాఠీవాళ్ళు ఆ కోరికలు తీర్చడానికే 'డోహాళే జేవణ్' అని వేడుక చేస్తారు. మనం సీమంతం చేస్తాం. మంచిదే. కానీ వేడుక ఒక్క పూట, వేవిళ్ళు నెలల తరబడి. ఆరో వారం ప్రాంతంలో మొదలై చాలామందికి 16 నుంచి 20 వారాల మధ్య తగ్గుతాయి. ఒంట్లో హార్మోన్లు మారడం వల్ల నిన్నటిదాకా ఇష్టమైన పోపు వాసనే ఇవాళ కడుపులో తిప్పుతుంది. ఇక సైజింగు గంజి వాసన, ఆయిలు వాసన సంగతి చెప్పాలా? ఖాళీ కడుపుతో ఉంటే వికారం ఇంకా పెరుగుతుంది. రెండు గంటలకోసారి గుప్పెడు అటుకులో, వేయించిన శనగలో నోట్లో వేసుకోవాలి. ఆ రెండు నిమిషాలు జాబర్ అడ్డు చెప్పకూడదు.

రెండో సంగతి ఎవరూ బయటికి చెప్పుకోనిది. మన్ను, బలపం, బూడిద, పచ్చి బియ్యం చాటుగా తినడం. ఇది చాలాసార్లు రక్తం తక్కువైన గుర్తు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. మట్టిలో నులిపురుగుల గుడ్లు, సీసం ఉండవచ్చు. కనుక అత్తలారా, తిట్టకండి. రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత అన్నట్టే. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు మానకుండా వేసుకోవాలి. విరేచనం నల్లగా అయితే భయపడవద్దు. షిఫ్టులో ఆకలిని చాయ్‌తో చంపుకోవడం మనకు అలవాటు. ఆ చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాత్రకూ చాయ్‌కూ మధ్య గంటైనా ఎడం ఉండాలి. నిమ్మకాయ పిండుకుంటే మేలు.

ఇక హక్కుల మాట. 2017కు ముందు ప్రసూతి సెలవు 12 వారాలే. ఆ ఏడు నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, వేతనంతో. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. గర్భం వల్ల జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్ మీద మరో నెల వరకు వేతనంతో సెలవు దొరుకుతుంది. రోజంతా మంచినీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తే, అది మామూలు వేవిళ్ళు కాదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి.

అయితే ఇ.ఎస్.ఐ. నుంచి ఈ డబ్బు రావాలంటే అంతకుముందటి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా పడి ఉండాలి. హాజరు పట్టీలో పేరు లేకుండా కండెలు చుట్టే చెల్లెలికి చందా ఎక్కడిది? అందుకే ఈ నెలలోనే ప్రతి ఖాతాలోనూ పేర్లు సరిచూద్దాం. పేరు లేనివాళ్ళు యూనియన్ ఆఫీసుకు రండి. కాగితాలు మేం రాసిపెడతాం. యజమాని దగ్గరికి మీ ఒక్కరినే పంపం, అందరం కలిసి పోదాం.