సుందరదాసు పాట, మా యింటి టేపు

మిరపకాయలు కళ్లములో ఆరబోసిన దినములలో, తాలుకాయ లేరుచు కూర్చున్న స్త్రీలకు తెల్లవారుజామున రామాలయపు మైకునుండి ఒక కంఠము వినవచ్చుచుండెడిది. అది ఎం. ఎస్. రామారావుగారి కంఠము, పాట సుందరకాండము. నరసరావుపేట, సత్తెనపల్లి ప్రాంతముల మిరప, ప్రత్తి చేలనడుమ పెరిగిన మావంటివారికి వాల్మీకి పేరు తెలియకముందే ఈ పాట తెలియును.

రామారావుగారు 1921లో తెనాలి ప్రాంతమందలి మోపర్రు గ్రామమున జన్మించిరి. 1944లో వచ్చిన 'తహసీల్దారు' చిత్రమున పాడిరి. తెలుగు సినిమాకు తొలి నేపథ్యగాయకులు వారేయని చెప్పుదురు. అయినను మా పల్లెలు వారిని గుర్తుంచుకొన్నది సినిమా పాటలవలన కాదు, తామే వ్రాసి తామే పాడిన సుందరకాండమువలన. తులసీదాసుని హనుమాన్ చాలీసాను తెనుగు చేసి పాడినదియు వారే. సుందరదాసు అను పేరు వారికి నిలిచిపోయినది. 1992లో పరమపదించిరి.

వాల్మీకి సుందరకాండము 68 సర్గల గ్రంథము. పూర్వపు లక్క రికార్డు, నిమిషమునకు 78 చుట్లు తిరుగునది, ఒక ప్రక్కకు మూడు నాలుగు నిమిషములకు మించి పాడదు. హనుమంతుడు మహేంద్రగిరి నుండి ఎగురకముందే ముల్లు తీయవలసివచ్చును! లాంగ్‌ప్లే రికార్డు ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పాడును. క్యాసెట్టు అరగంట పాడును. ఇంత పెద్దకథ పేదయిండ్లకు సైతము చేరుటకు క్యాసెట్టే తగిన వాహనమైనదని మా తలంపు. ఇక వరుస సంగతి. అది దాదాపు మొదటినుండి చివరివరకు ఒక్కటే. సంగీతజ్ఞులు విసుగుకొన్న విసుగుకొందురు గాక. చేతులు పనిలోనుండగా వినువారికి ఆ ఒక్క వరుసయే మేలు. ఒక చరణము చెవి దాటిపోయినను మరు చరణమున పాటను కలిసికొనవచ్చును.

ఒక యేడు కాయకు మంచి ధర పలికినపుడు మా తల్లిగారు గుంటూరులో ఆ క్యాసెట్టు కొనితెచ్చిరి. కొన్ని యేండ్లు నిత్యము మ్రోగినది. ఒకనాడు యంత్రము టేపును నమిలినది. బాగుచేయ నిచ్చిన చోట నలిగిన జానెడు ముక్కను కత్తిరించి, రెండుకొసలు అతికి యిచ్చిరి. టేపు సెకండునకు రెండంగుళములకన్న తక్కువగా నడచును గనుక, జానెడనగా సుమారు అయిదు సెకండ్ల పాట. అంతియే గదా యని సంతోషించితిమి. క్యాసెట్టు త్రిప్పి వేసినపుడు గాని మాకు అసలు నష్టము తెలియలేదు. రెండు ప్రక్కలకును నాడా ఒక్కటే! అశోకవనమున సీతమ్మ దుఃఖములో ఒక మాట పోయినది. రెండవప్రక్క లంక తగులబడుచుండగా మరియొక మాట పోయినది.

ఇప్పుడా పాట మచ్చలేని ప్రతిగా సెల్‌ఫోనులో దొరకుచున్నది. పాత క్యాసెట్టులోని పాటను కంప్యూటరునకు ఎక్కింపుమని ఒకరి నడుగగా, మంచి ప్రతియుండగా ఈ అరిగినదెందుకని నవ్విరి. వారి మాట న్యాయమే. మేము తిరిగి తెచ్చుకొంటిమి.

ఆ మంచి ప్రతిని మొన్న మా తల్లిగారికి వినిపించితిమి. అశోకవనపు ఘట్టము రాగానే ఆమె పప్పుచేట ప్రక్కకుబెట్టి, "ఇక్కడ ఈ మాట ఉన్నదటరా?" అని అడిగిరి. మరల పెట్టుమనిరి. రెండుసార్లు విని, బాగున్నదనిరి.

మరునాటి ఉదయము పొయ్యిదగ్గర తామే పాడుకొనునపుడు మాత్రము, ఆమె ఆ చోట ఆగక, ఆ అయిదు సెకండ్లు దాటివేసియే పాడిరి.